మూడు చెంచాల మందు

నేను పుట్టిన ఏడు, అంటే పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, బొల్లాపల్లి దగ్గరున్న మా ఊరికి ఒక నర్సమ్మ వచ్చింది. పేరు ఫిలోమినా. బ్లాకు ఆఫీసు వాళ్ళు వేసిన ఉద్యోగం. నాలుగూళ్ళకూ ఆమె ఒక్కతే. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా గొడుగేసుకుని కాలినడకన తిరిగేది. ఇవాళ నేను బతికుండి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆమె చలవే.

మాది సేద్యం చేసుకునే ఇల్లే అయినా నీచు ముట్టరు. తాతయ్య ఎవరో స్వామి దగ్గర ఉపదేశం తీసుకుని ఇంటిల్లిపాదికీ మాన్పించాడు. ఆయన పోయాక నాయనమ్మ సుబ్బరత్నమ్మ ఆ నియమాన్ని మరింత గట్టిగా పట్టుకుంది. అమ్మకు తల్లి లేదు గనుక పురుళ్ళన్నీ నాయనమ్మ చేతి మీదే. బాలింత పథ్యమంటే పాత బియ్యపన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం. అంతే. పప్పు వాతమని, ఆకుకూర చలవని, పెరుగు జలుబని మూడు నెలలు దగ్గరికి రానిచ్చేది కాదు. నెల తిరిగేసరికి అమ్మ గోడ పట్టుకుని నడిచే స్థితికి వచ్చింది. పాలు ఇంకిపోయాయి. నాకు ఏడ్చే ఓపిక కూడా లేక మూలిగేదాన్నట. నాకు ముందు పుట్టిన అన్న సరిగ్గా ఇలాగే పోయాడు.

ఫిలోమినా వచ్చి, మా అమ్మ కంటిరెప్ప కిందికి లాగి చూసింది. "ఒంట్లో రక్తం లేదు పెద్దమ్మా. రోజూ ఒక గుడ్డు పెట్టండి."

"ఏందీ? నా ఇంట్లో గుడ్డా?" అని నాయనమ్మ లేచింది.

"పోనీ పప్పో, మునగాకో పెట్టండి."

"బాలింతకి పప్పు పెడితే ఊళ్ళో అమ్మలక్కలు నా మొహాన ఉమ్మేస్తారు. నీకు తెలవదులే, పోమ్మా."

తిట్లు తిని బయటికొస్తూ ఆమె కొట్టం దగ్గర ఆగింది. దుక్కుల రోజులు. నాన్న ఎద్దుల తొట్లో ఉడకేసిన ఉలవలు పోస్తున్నాడు. ఎద్దులు నిగనిగలాడుతున్నాయి. దున్నే ఎద్దుకు ఉలవలు, పాలిచ్చే తల్లికి వెల్లుల్లి కారం! మా ఇంటి తెలివి అంత గొప్పగా ఉండేది.

మూడో రోజు ఆమె ఒక సీసాలో పొడి పట్టుకొచ్చింది. సీసాకు అంటించిన కాగితం మీద ఎర్రసిరాతో 'పూటకు మూడు చెంచాలు, నెయ్యన్నంలో, నిమ్మరసం పిండుకుని' అని రాసి ఉంది. "ఇది మందు పెద్దమ్మా. పూట తప్పకూడదు" అంది. మందైతే మా ఇంట్లో పథ్యం అడ్డురాదు, ఎవరి చేతిదని కూడా అడగరు. అందులో ఉన్నది వేయించిన ఉలవలు, శనగపప్పు, నువ్వులు, నీడన ఎండబెట్టిన మునగాకు. తన పొయ్యి మీదే వేయించి, తన రోట్లోనే దంచింది మహాతల్లి.

నాయనమ్మ పూట తప్పకుండా దగ్గర కూచుని తినిపించింది. మూడు సీసాలు అయ్యేసరికి అమ్మ గోడ వదిలి నడిచింది. పాలు పడ్డాయి. ఒకరోజు నేను గుక్కపట్టి ఏడిస్తే, ఆ గొంతు విని అమ్మ సంతోషంతో తనూ ఏడ్చిందట.

నాకు ఆరేళ్ళప్పుడు ఫిలోమినాకు క్రోసూరు వైపు బదిలీ అయింది. చెప్పిపోవడానికి వచ్చింది. ఆ రోజు నాకు బాగా గుర్తు.

"పోయే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి పెద్దమ్మా. అప్పుడు మీకిచ్చింది మందు కాదు..."

"ఉలవలు" అంది నాయనమ్మ. "మూత తీసినప్పుడే తెలిసింది. ముప్పయ్యేళ్ళు ఎద్దులకి ఉడకేసినదాన్ని, ఆ వాసన తెలవదా నాకు?"

ఫిలోమినా నోరు తెరిచింది. "మరి అప్పుడే అనలేదేం?"

"అంటే ఎట్టా పెట్టేది? మందని నువ్వు రాసిచ్చావు. అడిగినోళ్ళందరికీ ఆ సీసా చూపిచ్చా. చదువు రానోళ్ళు కూడా ఎర్రసిరా చూసి నోరు మూసుకున్నారు." నాయనమ్మ నా వైపు చూసింది. "ఒకణ్ణి నా చేతుల్తోనే మట్టిలో పెట్టొచ్చా నర్సమ్మా. దీన్ని కూడా పెట్టాల్నా?"

తర్వాత నాయనమ్మ నా వీపు మీద చెయ్యేసి ముందుకు తోసింది. "నువ్వు నిలబెట్టిన పిల్ల. ఒక్కసారి ఎత్తుకో."

ఫిలోమినా సంచి కింద పెట్టి, నా చంకల కింద చేతులేసి లేపబోయింది. ఆమె మోకాళ్ళ ఎత్తుకు కూడా లేవలేదు నేను.

"అమ్మో, నావల్ల కాదు పెద్దమ్మా! చానా బరువుంది" అని నవ్వుతూ నన్ను దించేసి, కళ్ళు తుడుచుకుంది.