చూడకుండా కొట్టే చేతులు

నాందేడ్ ఆఫీసులో నాకు టైపు నేర్పిన పెద్ద టైపిస్టు సారు నా వేళ్ల మీద దస్తీ కప్పేవారు. "కీల దిక్కు సూడకు బిడ్డా, టైం పోతది" అనేవారు.

చూపు తగ్గిందని ఆయనను పనిలోంచి తీసేస్తారన్న మాట వచ్చింది. "నా కండ్లు మంచిగనే ఉన్నయి" అంటూ సాహెబుకు రాయబోయే అర్జీ అంతా నాకు ముందే వినిపించి, మిషను ముందు కూర్చున్నారు. ఎప్పటిలాగే ఎక్కడా ఆగకుండా కొట్టి, కాగితం నా చేతికిచ్చారు.

"సదువు బిడ్డా, ఎట్ల అచ్చింది?"

ఆయన చేతులు మొదటినుంచీ ఒక కీ పక్కకు జరిగి కొట్టాయి. పేజీలో ఒక్క మాటా మాటగా లేదు. ఆయన వినిపించిందే గుర్తు చేసుకుని పైకి చదివాను.

"తప్పుల్లేవు కద?"

"లేవు సార్."

తర్వాత నేనే మళ్లీ కొట్టి మార్చిపెడదామనుకున్నాను. ఆయన అప్పుడే సంతకం చేసి, కాగితం తీసుకుని, గోడ పట్టుకుంటూ సాహెబు గదిలోకి వెళ్లిపోయారు.