మూర్తిగారి మీద అనుమానం

పాతికేళ్ల కిందట పెద్దాపురంలో పెళ్లి కార్డులు కంపోజ్ చేసే సెంటరు నడిపేదాన్ని. ఎదురు వీధిలో అదే పని చేసే మూర్తిగారు అడగ్గానే వచ్చి, మా కంప్యూటరులో కొత్త విండోస్ వేసి వెళ్లారు. టీ కూడా ముట్టకపోతే అప్పుడే అనుమానం వచ్చింది. మర్నాడు ఆన్ చేస్తే నల్ల తెర తప్ప ఏమీ రాలేదు.

వెంటనే ఆయన్ని పిలిపించి, కార్డుల కోసం వచ్చిన పెళ్లివారి ముందే, "మా బేరం చెడగొట్టాలనే కదండీ?" అని అడిగేశాను.

ఆయన వంగి, కంప్యూటరులో ఫ్లాపీ పెట్టే చోటున్న మీట నొక్కారు. కార్డుల మేటరున్న ఫ్లాపీ బయటికొచ్చింది. దుమ్ము పడకూడదని ముందురోజు వెళ్తూ వెళ్తూ నేనే అందులో ఉంచాను! అది తీశాక కంప్యూటరు మామూలుగానే ఆన్ అయింది.

"తప్పు నాదేనండి. ఆన్ చేయగానే విండోస్ కోసం ముందు ఫ్లాపీలోనే వెతకమని కంప్యూటరు సెట్టింగు మార్చి, మళ్లీ సరిచేయడం మర్చిపోయానండి" అన్నారాయన, పెళ్లివారికి వినపడేలా.

నిజంగానే మర్చిపోయారో, నా పరువు కాపాడారో! ఆ అనుమానం మాత్రం ఈనాటికీ ఆయన్ని అడగలేకపోయాను.