మా తమ్ముడి రెండో మిషన్

మా తమ్ముడు పోయాడు. పట్టపగలు, మా యాడికి ఊళ్ళో బస్టాండు దగ్గర టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని, వానల సంగతి మాట్లాడుతూ ఉండగా రెండోసారి పక్షవాతం వచ్చింది. తాడిపత్రి ఆసుపత్రికి చేరేలోగా ప్రాణం పోయింది. నిద్రలో పోలేదు. ముఖానికి మాస్కు పెట్టుకుని ఉన్నప్పుడు పోలేదు. ఈ రెండు మాటలూ ముందే రాస్తున్నాను. ఎందుకంటే శవం ఇంటికి రాకముందే వీధిలో ఇంకో మాట పుట్టింది. "మిషన్‌కు అలవాటు పడి సొంత ఊపిరి మర్చిపోయినాడు" అని.

అది అబద్ధం. నేను ఇంటికి పెద్ద ఆడబిడ్డను. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. మా క్రైస్తవ మందిరంలో నేను చేసే ప్రార్థన పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా వినపడదు. ఈ ఒక్క సంగతి మాత్రం నలుగురికీ వినపడాలి.

వాడు బోరు బండి ఆపరేటరు. మా అనంతపురం వైపు చేనులోకి బోరు బండి వచ్చిందంటే ఆ రైతు ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు. ముసలివాళ్ళతో సహా అందరూ గట్టు మీదే ఉంటారు. తెల్లటి రాతిదుమ్ము లేస్తుంటే, తడి మట్టి ఎప్పుడు పైకొస్తుందా అని కళ్ళార్పకుండా చూస్తారు. ఆ చూపులు వాడికి తెలుసు. రైతు టెంకాయ కొట్టేటప్పుడు వాడు టోపీ తీసి నిలబడేవాడు. మనం మందిరానికి పోయేవాళ్ళం కదా అని ఎవరో అంటే, "ఎవరి దేవుడిచ్చినా నీళ్ళు నీళ్ళేనప్పా" అన్నాడట. రాయి తగిలిందని ఎన్నడూ తొందరగా లేచి వచ్చేవాడు కాదు. "రాయి గట్టిదైతే తొలిచే బిట్టు మార్చల్ల గాని బోరు ఇడ్సకూడదు" అనేది వాడి మాట. ఆ మాట నేను ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో. కూర మాడినా అదే, పిల్లలు పరీక్ష తప్పినా అదే.

మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడు కాలూ చెయ్యీ తొందరగానే తిరిగి స్వాధీనంలోకి వచ్చాయి. చెడింది నిద్ర. ఉదయం తలనొప్పితో లేచేవాడు. పగలు మాట మధ్యలోనే తూగేవాడు. తూగే మనిషిని తిరిగే బోరు రాడ్ల దగ్గర నిలబెట్టలేనని బండి యజమాని పనికి రావద్దన్నాడు. అది న్యాయమే. చుట్టుపక్కల వాళ్ళు మాత్రం వాడికి సోమరితనం పట్టిందన్నారు. అది న్యాయం కాదు.

అసలు సంగతి కనిపెట్టింది వాడి భార్య, నా మరదలు. నిద్రలో వాడి ఊపిరి ఆగిపోతోంది. గురక లేదు, పెనుగులాట లేదు. ఊరికే ఆగిపోతుంది. ఆమె గుండె మీద తడితే మళ్ళీ మొదలవుతుంది. అందుకని ఆమె పడుకోవడం మానేసింది. మంచం పక్కన గోడకానుకుని, చెయ్యి వాడి ఛాతీ మీద వేసి కూర్చునేది. పగలు వేరుశెనక్కాయలు వలుస్తూ వలుస్తూ చేట మీదికి తల వాల్చేది.

వాడి దిగులు తన ఊపిరి గురించి కాదు. మా ఇంటి అరుగు మీద కూర్చుని ఒక సాయంత్రం చెప్పాడు.

"అక్కా, నేను పోతే పోతా. ఆయమ్మి నిద్ర తిని బతికేది ఏం బతుకు? దాన్ని కడుపునిండా పండుకోబెట్టల్ల. నాకు కావల్సింది అంతే."

వాడు తర్వాత చేసిందంతా దీని కోసమే. ఇది తెలియకుండా వాడి గురించి మాట్లాడేవాళ్ళు మాట్లాడకపోవడం మంచిది.

మొదట ఇచ్చింది సీప్యాప్ అనే మిషన్. ముక్కుకు మాస్కు, దానికొక గొట్టం, ఆగకుండా ఒకే తీరుగా గాలి. నిద్రలో గొంతు మూసుకుపోయేవాళ్ళకు అది దారి తెరిచి ఉంచుతుంది. ఎందరికో పనిచేసింది. వీడికి చేయలేదు. బుగ్గల మీద పట్టీల గుర్తులు పడేదాకా బిగించి చూశాడు. అయినా మరదలు గోడ దగ్గర నుంచి లేవలేదు.

"గాలి వస్తానే ఉండాది వదినా. ఈయప్ప తీసుకుంటేనే కదా?" అంది నాతో.

మిషన్ అమ్మినవాళ్ళు సరిగ్గా పెట్టుకోవడం రాలేదన్నారు. మా మేనత్త తాడిపత్రి నుంచి వచ్చి, ఆ మిషన్‌తోనే ఇంటికి దరిద్రం పట్టిందంది. మా నాయన పోయాక మమ్మల్ని సాకిన మనిషి ఆమె. నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే.

ఆ రోజుల్లోనే మా మందిరంలో స్వస్థత కూటం పెట్టారు. వేరే ఊరి నుంచి ఒక దైవసేవకుడు వచ్చాడు. రోగం పోయిందని నమ్మినవాళ్ళు తమ చేతికర్రలూ మందుల సంచులూ తెచ్చి వేదిక ముందు పెట్టి పోతున్నారు. చూస్తే, వాటి మధ్యలో మా తమ్ముడి మిషన్ సంచి ఉంది. అత్త పెట్టింది. వాడు ఆడమగా అందరి మధ్య నుంచి నడుచుకుంటూ పోయి, సంచి తీసి భుజానికి వేసుకున్నాడు.

దైవసేవకుడు మైకులోనే అడిగాడు. "తమ్ముడూ, నమ్మకం ఉన్నవాడికి యంత్రం ఎందుకు?"

"అయ్యగారూ, మీ కండ్లద్దాలు ఈడ పెట్టి పోండి. మీరు అద్దాల్లేకుండా ఊరికి పోయిన రోజు, నేనూ మిషన్ లేకుండా పండుకుంటా."

ఆయన చెయ్యి అద్దాల దాకా పోయి ఆగింది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అత్త ఇంటిదాకా తిడుతూనే వచ్చింది.

"దేవుని మనిషికి ఎదురు చెప్తావేమిరా, నీ నోరు పడ!"

"నేనూ ప్రార్థన చేసినానత్తా. దేవుడు నాతో మిషన్ వద్దని చెప్పలే. నీతో చెప్పినాడా?"

అత్త వెళ్ళాక నేను అడిగాను. పట్టని మిషన్ కోసం అంత మాట ఎందుకురా అని.

"పట్టలేదని నాకూ తెలుసక్కా. పట్టకపోతే మార్చుకోవల్ల. ఆడ పారేసి వస్తే ఇంక మార్చుకునేదానికి ఏముంటాది?"

అది నిజమైంది. అనంతపురంలో నిద్ర జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం పోతే, ఆమె ఆ మిషన్‌లోని చిన్న కార్డు తీసి కంప్యూటరులో పెట్టింది. మిషన్ నడుస్తున్న రాత్రుల్లో కూడా వాడి ఊపిరి ఆగిన చోట్లన్నీ అందులో ఉన్నాయి. మళ్ళీ నిద్ర పరీక్ష చేయించింది. గుండెకు స్కాను తీయించింది. గుండె బలాన్ని చూడకుండా కొన్ని రకాల మిషన్లు ఇవ్వకూడదట. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది.

"ఈయనకు గొంతు మూసుకుపోవడం కాదమ్మా. నిద్రలో ఊపిరి తీసుకోమని మెదడు చెప్పాలి. అది చెప్పడం మానేస్తోంది."

తమ్ముడు దాన్ని తన పని మాటల్లోకి మార్చుకున్నాడు. "అంటే బోరు బాగుండాది, పైపు బాగుండాది, మోటారుకు కరెంటే పోతాండాదంటారు."

"అంతే. అందుకని వేరే మిషన్ పెడదాం. బైప్యాప్‌లోనే ఒక రకం. మీరు ఊపిరి తీసుకుంటే తోడుగా ఉంటుంది. మీరు ఆగితే కొంచెం చూసి, అదే ఒక ఊపిరి లోపలికి పంపుతుంది."

"ఓహో," అన్నాడు వాడు మరదలి వైపు తిరిగి. "ఇన్నాళ్ళూ నువ్వు చేసిన పనే."

మరదలు నవ్వలేదు. డాక్టరమ్మను ఒకటే అడిగింది. "అది నిద్రపోదు కదమ్మా?"

"పోదు."

ఆ ఒక్క మాటకు ఆమె కళ్ళు తుడుచుకుంది.

కొత్త మిషన్ ఇంటికి వస్తే వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. మిషన్ మారిందంటే రోగం ముదిరినట్టేనని తేల్చేశారు. అత్తయితే ఏడుపే మొదలుపెట్టింది. "కాలికి పట్టని చెప్పు మారిస్తే కాలు తీసేసినట్టా అత్తా? లే, కాఫీ తాగు" అన్నాడు వాడు.

నేను ఆ రాత్రి మోకాళ్ళ మీద ఉన్నాను. తెల్లవారి వాళ్ళింటికి పోతే, బాగా పొద్దెక్కినా తలుపు తీయలేదు. గుమ్మం ముందే నిలబడి మళ్ళీ ప్రార్థన చేసుకున్నాను. లోపల ఏం జరిగిందో తర్వాత మరదలే చెప్పింది. ఎండ ముఖం మీద పడితే ఉలిక్కిపడి లేచి, వాడి ఛాతీ మీద చెయ్యి వేసిందట. ఛాతీ లేస్తూ దిగుతూ ఉందట. వాడు కళ్ళు తెరిచి, మాస్కు పక్కకు లాగి అన్నాడట. "ఏమ్మే, ఉద్యోగం పోయిందా?"

కొన్నాళ్ళకు తూగడం తగ్గింది. డాక్టరమ్మ ఒప్పుకున్నాకే బండి యజమాని మళ్ళీ పిలిచాడు. పొలాల్లో పడుకోవలసి వచ్చినప్పుడు మిషన్‌ను కూడా బండెక్కించుకుని, జనరేటరుకు తగిలించుకునేవాడు. కుర్రకారు ఊరుకుంటారా?

"ఏమన్నా, వినాయకుని మాదిరి తొండం పెట్టుకున్నావే!"

"మొక్కుకో రా. ఊరికే పోకుండా టెంకాయ కొట్టి పో."

ఆ తొండంతోనే యాడికి చుట్టుపక్కల ఎన్నో చేలల్లో నీళ్ళు చూపించాడు. నీళ్ళు పడని చోట తిండి ముట్టకుండా వచ్చాడు. రక్తపోటు మాత్రలు మానలేదు. పక్షవాతం మళ్ళీ రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. వచ్చింది. దానికీ మిషన్‌కూ సంబంధం లేదని ఆమే నాకు ఫోనులో చెప్పింది. వినదలచుకున్నవాళ్ళు వినండి.

శవపెట్టెలో పడుకోబెట్టాక, మనిషికి ఇష్టమైన వస్తువు పక్కన పెట్టడం మాలో ఉంది. అత్త మిషన్ మాస్కు తెచ్చి వాడి చెంప దగ్గర పెట్టింది. "ఆడ ఊపిరాడకపోతే ఎట్లమ్మా నా బిడ్డకు" అని ఏడ్చింది. అన్నాళ్ళు తిట్టిన మనిషే. నేను మాస్కు బయటికి తీశాను.

"ఆడ వానికి ఇది అక్కర్లేదత్తా. దేవుని దగ్గరికి పోయినాడు. మిషన్ డాక్టరమ్మకు ఇస్తా. ఆమె చూసి, ఈడ అక్కరుండేవాళ్ళకు పెడతాది."

కొందరు గొణిగారు. అందరికీ వినపడేలా ప్రార్థన మొదలుపెట్టాను. గొణుగుడు ఆగింది.

సమాధి అయిన మరునాడు మధ్యాహ్నం మరదలు చాప మీద నిద్రపోయింది. కూర్చున్నదల్లా అట్లాగే ఒరిగిపోయింది. అప్పుడే తాడిపత్రి నుంచి ఆటోలో చుట్టాలు దిగారు. పలకరించేవాళ్ళు వచ్చినప్పుడల్లా పోయినవాడి భార్యను లేపి, వాళ్ళ మెడ మీద పడేసి ఏడిపించాలి. అది ఇక్కడి పద్ధతి. లేకపోతే మొగుడి మీద ప్రేమ లేదంటారు. అత్త ముందుగా వచ్చింది.

"లేపు దాన్ని. మొగుడు పోయినదానికి నిద్రేమి?"

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఎవరినీ అట్లా నిలబడి ఆపిన గుర్తు నాకు లేదు.

"లేపను."

"జనం ఏమనుకుంటారే?"

"అనుకోనీ. వాడు బతికినన్నాళ్ళూ కొట్లాడింది ఆ నిద్ర కోసమే. మందిరంలో మైకు ముందర కొట్లాడినాడు, నీతో కొట్లాడినాడు. ఏడ్చేవాళ్ళు ఈడ కూర్చుని మెల్లగా ఏడ్వండి. ఆయమ్మి లేచినప్పుడు లేస్తాది."

చుట్టాలు చెప్పులు విడిచి షామియానా కింద కూర్చున్నారు. అత్త నన్ను పక్కకు తోసుకుని లోపలికి వెళ్ళింది. లేపుతుందనుకుని వెనకే పోయాను. ఆమె లేపలేదు. చాప అంచున కూర్చుంది. మరదలి నోటి దగ్గర ఈగలు వాలుతున్నాయి. అత్త కొంగు చేతిలోకి తీసుకుని, చప్పుడు కాకుండా వాటిని తోలుతూ, ఊపిరికి ఆమె పొట్ట లేవడం దిగడం చూస్తూ ఉండిపోయింది.