ఖాళీగా కనిపించిన సముద్రం

ముత్తుకూరుకు అవతల సముద్రం ఒడ్డునున్న జాలర్ల పాళెంలో ఉషను తెలియనివాళ్లు లేరు. పగలు పోర్టు దగ్గర లారీల ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. తీరిక వేళల్లో సొంతంగా నేర్చుకుని ఒక యాప్ తయారుచేసింది. సముద్రం అడుగున రాళ్లుండి వలలు చిరిగే చోట్లను పాళెం వాళ్లను అడిగి తెలుసుకుని, మ్యాప్ మీద ఎర్రచుక్కలుగా పెట్టింది. లోపలికి పోతే సిగ్నల్ ఉండదు కాబట్టి, ఆ చుక్కలన్నీ ఒక ఫైలుగా ఫోన్‌లోనే ఉండేట్టు చేసింది.

ఒకరోజు పాళెంలోని చెంగయ్య వల సగం చిరిగి ఒడ్డుకొచ్చింది. యాప్ చూసే వేశానని, అక్కడ ఒక్క చుక్కా లేదని ఆయన చెప్పాడు. ఉష ఆయన ఫోన్ తీసుకుని వెతికింది. ఫైలు లేదు. ఫోన్ నిండిపోయిందని అక్కర్లేనివి తుడిచేసినప్పుడు అదీ పోయింది. ఫైలు కనబడకపోతే ఏం చెయ్యాలో ఆమె యాప్‌కు నేర్పలేదు. అందుకే అది చుక్కల్లేని నీలిరంగు మ్యాప్ చూపించి ఊరుకుంది.

ఆ తప్పు తనదేనని ఆమె అందరి ముందూ చెప్పింది.

"పోనీలేమ్మా. వల చిరగడం మాకు కొత్తా?" అన్నాడు చెంగయ్య.

"చిరగడం కొత్త కాదు మామా. దీన్ని నమ్మి వేసినావు, అది కొత్త."

ఆదివారమంతా ఆయన పక్కనే ఇసుకలో కూర్చుని వల బాగుచేసింది. తర్వాత యాప్‌ను మార్చింది. ఇప్పుడది తెరవగానే ముందు ఫైలు ఉందో లేదో చూస్తుంది. ఉన్నా, ఫోన్‌లోకి సగమే ఎక్కిందేమో చూస్తుంది. తేడా ఉంటే మ్యాప్ చూపించదు. ముందే రికార్డు చేసిపెట్టిన చెంగయ్య భార్య పేరమ్మ గొంతు వినిపిస్తుంది: "రాళ్ల గుర్తులు లేవు. చూసుకుని వెయ్యండి."

ఆ మాట నీళ్లమీద పలుకుతుందో లేదో చూడాలని, ఉష తన ఫోన్‌లో ఫైలు తీసేసి చెంగయ్య పడవెక్కింది. అలలకు వాంతులు చేసుకుంటూనే సిగ్నల్ పోయేదాకా పోనివ్వమంది. అప్పుడు యాప్ తెరిచింది. ఇంజిన్ మోతలోనూ పేరమ్మ మాట స్పష్టంగా వినబడింది. పడవలో వాళ్లు నవ్వారు. ఉష ముఖం కడుక్కుని, గొంతు ఇంకాస్త పెంచాలంది.

ఈమధ్య అల్లూరు వైపు పడవల వాళ్లూ యాప్ కావాలని వస్తున్నారు. ఉష వాళ్ల ఫోన్‌లో యాప్ ఎక్కించి, ఫైలు లేకుండానే తెరవమంటుంది. పేరమ్మ హెచ్చరిక వాళ్లు చెవులారా విన్నాకే ఫైలు వేసిస్తుంది.