పాములు కలిసున్న గది

మొన్న బెల్‌ఫాస్ట్‌లో వాన వెలిసిన మధ్యాహ్నం, మొక్కల దుకాణం ముందు కొబ్బరిపీచు బస్తా ఒకటి పగిలి తడిసి ఉంది. ఆ వాసనకి అక్కడే నిలబడిపోయాను. కోనసీమదాన్ని కదా, ఆ వాసనకి మా ఊరు గుర్తుకు రావాలి. రాలేదు. పక్కింటి మూర్తి అంకుల్ గుర్తొచ్చారు. గాజు పెట్టెల్లో తడి కొబ్బరిపీచు పరిచి పాములను పెంచేవారాయన. పోయి రెండేళ్లు కావస్తోంది.

ఆయన ఇక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఒంగోలు మనిషి, పెళ్లి చేసుకోలేదు. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య గోడ ఒకటే. ఊళ్లోని తెలుగువాళ్లు ఆయన్ని పాముల డాక్టరనేవాళ్లు, పిల్లల్ని ఆ ఇంటి ఛాయలకు పోనిచ్చేవాళ్లు కాదు. నిజానికి అవి విషం లేని పైథాన్లు. ముట్టుకుంటే తల దాచుకుని ముద్దలా చుట్టుకుపోయే పిరికివి. చలికాలం ముందు ఆడదాన్నీ మగదాన్నీ జత కట్టడానికి ఒక పెట్టెలో చేర్చి, పైన దుప్పటి కప్పేవారు. ఇక ఆ ఇంట్లో రేడియో ఉండేది కాదు, చెప్పుల చప్పుడు ఉండేది కాదు. అలాంటి రోజుల్లోనే ఒకసారి మా తలుపు తట్టారు.

"అమ్మాయ్, ఇల్లు ఊడ్చే ఆ హూవర్ మిషను ఎప్పుడు వేస్తావో కాస్త ముందుగా చెప్తావా?"

"హూవర్ చప్పుడు పాములకి వినబడుతుందా అంకుల్?"

"చప్పుడు కాదమ్మా, అదురు. గోడలోంచి వస్తుంది. బెదిరాయంటే మళ్లీ దగ్గరికి రావు."

"మరి మీరైనా చూస్తారా వాటిని?"

"చూడాలని ప్రాణం పీకుతుంది. అప్పుడు వెళ్లి టీ పెట్టుకుంటాను" అన్నారు, చాలా సీరియస్‌గా.

లోపలికొచ్చి నవ్వుకున్నాను గానీ, ఆ చలికాలమంతా ఇల్లు చీపురుతోనే ఊడ్చాను.

నేను పురుళ్ల వార్డులో నర్సును. ఎందరి బిడ్డలనో చేతుల్లోకి తీసుకున్నదాన్ని. ఆ మరుసటి ఏడాది నా బిడ్డ ఆరో నెలలో కడుపులోనే పోయింది. అంతకుముందు కూడా ఒకటి నిలవలేదు. అత్తయ్యగారు అమలాపురం నుంచి వచ్చారు. మంచి మనిషే, కానీ ఆవిడ మంచితనంలో నాకు ఊపిరాడేది కాదు. పొద్దున లేస్తే ఫోన్లు. డాక్టరును మార్చమని ఒకరు, జాతకం పంపమని ఇంకొకరు. నాగదోషం అని మాత్రం అందరూ ఏకగ్రీవంగా తేల్చారు. ఆలస్యం చేయకుండా మళ్లీ ప్రయత్నించాలన్నారు. మా ఆయన శ్రీధర్ తలూపాడు. స్నానానికి లేవడానికే నాకు ఓపిక లేదు, నన్నెవరూ ఏమీ అడగలేదు. మూర్తి అంకుల్ సాయంత్రాలు వచ్చి, నా మంచం పక్కన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుని వెళ్లేవారు. ఆయనున్నంతసేపు ఎవరూ పిల్లల ఊసెత్తేవారు కాదు, అందుకని ఆయన కోసం ఎదురుచూసేదాన్ని.

అంతలో నాగులచవితి వచ్చింది. బెల్‌ఫాస్ట్‌లో పాముపుట్ట ఎక్కడ దొరుకుతుంది? అత్తయ్యగారు వెనక తోటంతా గాలించి, చివరికి పాలగ్లాసుతో మూర్తి అంకుల్ తలుపు తట్టారు. ఆయన కాదనలేకపోయారు.

"పాలు ఈ గుమ్మం దగ్గర పెట్టుకోండమ్మా. గదిలోకి మాత్రం వెళ్లకండి, అవి కలిసున్నాయి" అన్నారట.

ఇక్కడివాళ్లకైతే ఆ మాట సరిపోయేది. మా అత్తయ్యగారితో అనవలసిన మాట కాదది. పెనవేసుకున్న పాముల మీద కొత్తగుడ్డ వేసి, దాన్ని తెచ్చి ఇంట్లో దాచుకుంటే కడుపు పండుతుందని ఆవిడ నమ్మకం. ఏళ్ల తరబడి రాతి జంటనాగులకు మొక్కిన మనిషి. ప్రాణమున్న జంటనాగులు తలుపు అవతలే ఉన్నాయని ఆయన తన నోటితోనే చెప్పారు. పూజకని తెచ్చిన కొత్త జాకెట్టు ముక్క ఆవిడ చేతిలో ఉంది. ఆయన టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లగానే గదిలోకి వెళ్లి, దుప్పటి తీసి, పెట్టె మూత జరిపారు.

మంచం మీదున్న నాకు గోడలోంచి ముందు దబ్బుమని చప్పుడు, తర్వాత అత్తయ్యగారి కేక వినిపించాయి. గుడ్డ మీద పడేసరికి ఆడపాము బెదిరి పెట్టె ఆ చివరికి దూసుకుపోయింది. ఇంకా విడిపడని మగదాన్ని కూడా ఈడ్చుకుపోయింది. మగపాముకు లోపల చీలిపోయింది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు గానీ బతకలేదు.

మర్నాడు సాయంత్రం అంకుల్ వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అత్తయ్యగారు పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. ఆయన తిడతారనుకున్నాను, తిట్టినా బాగుండేది. జేబులోంచి మడతపెట్టిన జాకెట్టు ముక్క తీశారు. ఉతికారు గానీ నెత్తుటి మరక పూర్తిగా వదల్లేదు.

"ఇది మీ అత్తగారు నీకోసమని వేశారమ్మా. నీకు కావాలా?"

ఆ ప్రశ్నకి నాకు దుఃఖం ఆగలేదు. అన్ని వారాల్లో నాకేం కావాలో అడిగిన మొదటి మనిషి, పాము పోయిన మనిషే.

"వద్దంకుల్. ఈ గుడ్డా వద్దు, మళ్లీ కడుపూ వద్దు. ఇంక నావల్ల కాదు."

"సరే" అన్నారు. గుడ్డ జేబులో పెట్టుకుని పేపరు తెరిచారు. శ్రీధర్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఆ తర్వాత అతను నన్ను బలవంతపెట్టలేదు.

అంకుల్ మళ్లీ పాములను జత కట్టించలేదు. అత్తయ్యగారు మాత్రం, చవితినాడు పామును చంపిన పాపానికి తన వంశం ఆగిపోయిందని కుమిలిపోయేవారు. ఉండబట్టలేక ఒకసారి ఫోన్లో చెప్పేశాను.

"పాము ఉసురు కాదత్తయ్యా. నేనే వద్దనుకున్నాను."

"నీ చేత వద్దనిపించింది కూడా ఆ పామేనే తల్లీ" అన్నారు. ఆ భయంతోనే పోయారావిడ. తల్చుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది.

వార్డులో బిడ్డ పోయిన తల్లి ఉంటే ఆ గది డ్యూటీ అడిగి తీసుకుంటాను. చిన్న వయసే కదా, మళ్లీ కలుగుతారని చెప్పండని బంధువులు వెంటపడతారు. చెప్పను. కుర్చీ లాక్కుని కూర్చుంటాను. చాలాసేపటికి, మీకేం కావాలని అడుగుతాను. ఒకామె మంచినీళ్లంది. ఒకామె బిడ్డను ఇంకోసారి చూపించమంది. పోయినవారం ఒక తెలుగమ్మాయి గోడవైపు తిరిగి, "మావాళ్లని లోపలికి రానివ్వకండక్కా" అంది. బయట వాళ్లమ్మ టిఫిన్ డబ్బాతో నిలబడి ఉంది. ఆవిడ ముఖం చూస్తే అత్తయ్యగారు గుర్తొచ్చారు. అయినా ఇప్పుడు వద్దని చెప్పాను. ఆవిడ ఏడ్చింది, తర్వాత నన్ను నానా మాటలూ తిట్టింది. తిట్టించుకుంటూ తలుపుకి అడ్డంగా అలాగే నిలబడ్డాను.