సున్నపుతేటలో బత్తాయి గింజలు

రాసుకో బిడ్డా, నానమ్మ చెబుతుంటే మధ్యలో ఫోన్ చూడకు. మీ అమ్మ బత్తాయి గింజల నూనె సంగతి చెబుతున్నాను.

నాచారంలో గానుగ పెట్టిన కొత్తలో పల్లి నూనె, నువ్వుల నూనె ఆడించేవాళ్లం. చూస్తుండగానే వీధికో గానుగ లేచింది. ఉన్న గిరాకీ చెదిరిపోయింది. అప్పుడే ఉప్పల్‌లో జ్యూస్ బండ్లవాళ్లు పారబోసే బత్తాయి గింజలు మీ అమ్మ కంటబడ్డాయి. బస్తాలకెత్తి తెచ్చి, ఎండబెట్టి ఆడించింది. నూనె చూస్తే బంగారం, నాలుక మీద వేసుకుంటే వేపాకు.

మేడిపల్లిలో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆమె ఉంది కదా, ఒకటే మాట చెప్పింది.

"చేదు లేకుంటే తే అక్కా, నా తొక్కులన్నిటికీ నీ నూనెనే. చేదుంటే మాత్రం నా గడప తొక్కకు."

గానుగ మూతబడకుండా ఉండాలంటే ఆ ఒక్క గిరాకీయే దిక్కు.

ఇక నా వైద్యం మొదలు. కాకరకాయ ముక్కల్లాగా గింజలకు ఉప్పు పట్టించి పిసికాను. మజ్జిగలో నానేశాను. మీ తాత ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన మనిషాయె, కుర్చీలోంచే నవ్వేవాడు.

"గింజలతోని పులుసు పెడుతున్నవా ఏంది?"

"నువ్వు జర ఊకో. మా పనిల వేలు పెట్టకు."

చివరికి నా తమలపాకుల పెట్టెలోని సున్నం గుర్తొచ్చింది. సున్నం నీళ్లలో కలిపి, పైకి తేరిన తేటలో గింజలు నానబెట్టి, ఒక్క కడుగు కడిగి ఎండబోశాం. ఆడిస్తే చేదన్న మాటే లేదు.

"అత్తమ్మా, పోయింది!" అని మీ అమ్మ చిన్నపిల్లలా ఎగిరింది. ఆ ఊపులోనే మిగిలిన బస్తాలన్నీ డ్రమ్ముల్లో సున్నపుతేటలో పోసేసింది.

మేడిపల్లి ఆమె నాకి చూసి మరీ నూనె తీసుకుంది. నాలుగు రోజులకే మీ అమ్మకు ఫోన్ చేసింది.

"ఏందక్కా గిట్ల జేసినవ్? మామిడికాయ తొక్కు నోట్ల పెట్టనిస్తలేదు. నూనెల లేని చేదు తొక్కుల యాడికెళ్లి వచ్చింది?"

మీ అమ్మ వచ్చి ఆ మాటే మాకు చెప్పింది. మీ తాతే అందుకున్నాడు.

"సున్నం చేదును దాస్తది గంతే. పులుపు తగిలిందంటే మళ్ల లేస్తది. సున్నపు నీళ్లల్ల దిగిన చేదంత పోయేదాంక మంచినీళ్లతోని కడుగుతనే ఉండాలె. ఒక్క కడుగు ఏడ సాలుతది?"

"ముందుగాల చెప్తే నీ నోట్ల ముత్యాలు రాలుతుండెనా?"

"వేలు పెట్టకన్నది నువ్వే గదనే!"

మేడిపల్లి ఆమె మంచిది, ఇంకొక్కసారి చూస్తానంది. ఉపాయం దొరికింది, నీళ్లే లేవు. ఎండలకు బోరు అడుగంటింది. నల్లా నీళ్లు వంటకే చాలవు. ట్యాంకర్ అతను మీ అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా "రేపొస్తనమ్మా" అంటాడు. డ్రమ్ముల్లో నానుతున్న గింజలు కడగకుండా ఎండబోస్తే మళ్లీ అదే చేదు. ఉంచితే కుళ్లు. పొద్దున చెయ్యి పెట్టి చూశాను, గింజలు జిగురుగా జారిపోతున్నాయి. తాగే నీళ్ల బిందె పోసేద్దామా అన్నాను. ఒక్క బిందె దేనికత్తమ్మా అని మీ అమ్మ అటు తిరిగి పడుకుంది.

ఆగు, ట్యాంకర్ లారీ చప్పుడైనట్టుంది. చూసి రా.

మనకు కాదా? సరే, వచ్చేటప్పుడు ఆ డ్రమ్ముల మీద మూతలు సరిగ్గా పెట్టి రా. కుళ్లు వాసనకు మీ అమ్మ లేస్తుంది.