లాభంలేదు గారి షెడ్డులో అక్కయ్య కారు

మా వీధి చివరి షెడ్డులో ఉండే మెకానిక్‌కి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అందరూ పిలిచేది మాత్రం 'లాభంలేదు గారు' అనే. ఏ బండి బానెట్ ఎత్తినా లోపలికి ఒకసారి తొంగిచూసి, అయినవాళ్ళు పోయినట్టు నిట్టూర్చి, "లాభం లేదు" అనడం ఆయన అలవాటు.

బళ్ళ వరకే అయితే సరే. వాన వెలిసి ఎండ కాసినా ఆకాశం వంక చూసి అదే మాట. టీ బాగుంటే ఇంకా దిగులుగా అదే మాట. భార్యని మొదటిసారి చూసినప్పుడు కూడా అదే అన్నాడట. ఆవిడ ఫక్కున నవ్విందట, అలా కుదిరిందట ఆ సంసారం. నేను చాలా చోట్ల తిరిగినవాణ్ణి, రైళ్ళలో కూర్చుని నిరాశ మీద లావుపాటి గ్రంథాలు చదివినవాణ్ణి. వాటిని రాసిన మహానుభావులు కూడా మధ్యలో ఏదో ఒక పేజీలో కాస్త తెరిపిన పడతారు. ఈయన పడడు.

అలాంటి మనిషి దగ్గరికి మా అక్కయ్య కారు వెళ్ళింది.

అది కార్బురేటర్ల కాలం పోయి, పెట్రోలుని కొలిచి ఇంజనులోకి చిమ్మే కంప్యూటర్ పెట్టె కొత్తగా వచ్చిన రోజుల నాటి కారు. బావ కొన్నాడు. దాని మీదే, బావతో పోట్లాడుతూ, అక్కయ్య డ్రైవింగు నేర్చుకుంది. బావ పోయాక రోజూ సాయంత్రం ఒక్కతే ఒక చుట్టు తిరిగొచ్చేది. ఎక్కడికని అడిగితే "గాలికి" అనేది.

ఈమధ్య దానికి జబ్బు చేసింది. కదలకుండా నిలబడ్డా గొంతు చించుకుని అరుస్తుంది. కాసేపటికి వేడి ముల్లు ఎర్రగీత దాటి, బానెట్ కింద ఆవిర్లు. బావ తమ్ముడు, అంటే అక్కయ్య మరిది, "అన్నయ్య కారు తుప్పు పట్టిపోతోంది వదినా, నాకివ్వరాదూ" అని చుట్టాలందరి ముందూ ప్రాణం తీశాడు. "సరేలేవయ్యా, బాగైన రోజున నువ్వే తీసుకుపో" అనేసింది అక్కయ్య. విసుగులో అన్న మాటే. కానీ మా అక్కయ్య అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. ఆ రాత్రి అన్నం తినలేదు.

షెడ్డులో దిగి, తాళాలు చేతికిస్తూ, "బాగయ్యాక మా మరిది వచ్చి పట్టుకెళతాడు" అంది. చేతిరుమాలుతో స్టీరింగు తుడిచింది. లాభంలేదు గారు బానెట్ ఎత్తాడు, చూశాడు, ఆవిణ్ణి కూడా ఒకసారి చూశాడు.

"లాభం లేదమ్మా."

అక్కణ్ణించి మొదలయ్యాయి నా తిప్పలు. వెళ్ళిన ప్రతిసారీ కారు కింద రెండు కాళ్ళు కనిపించేవి. ఆ కాళ్ళ మధ్యనుంచి నిరాశ వినిపించేది.

"థర్మోస్టాట్ మార్చారా?"

"మార్చా. లాభం లేదు."

"నీళ్ళ పంపు?"

"కొత్తది వేశా. లాభం లేదు."

"ఫ్యాను తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"హమ్మయ్య!"

"తిరిగీ లాభం లేదు."

ఇంటికెళితే అక్కయ్య. "బాగైందట్రా?" అని భయంగా అడిగేది. లేదంటే, కారుకి నయం కాలేదని దిగులు. రేపోమాపో అవుతుందంటే, కారు చేజారుతుందని దిగులు. ఏ వార్త మోసుకెళ్ళాలో తెలియక వీధిలో ఊరికే చుట్లు తిరిగేవాణ్ణి. నాకూ ఆ జబ్బు అంటుకుంది. అద్దం ముందు గడ్డం గీసుకుంటూ "లాభం లేదు" అన్నాను.

చివరికి మరిది ఆగలేకపోయాడు. తెల్లచొక్కా వేసుకుని షెడ్డుకి ఊడిపడ్డాడు. అక్కయ్యా నేనూ వెళ్ళాం.

"ఇన్నాళ్ళుగా ఏం చేస్తున్నావయ్యా?" అని లాభంలేదు గారిని కసిరి, తనే కూర్చుని స్టార్ట్ చేశాడు. ఇంజను షెడ్డు రేకులు అదిరేలా అరిచింది. ముల్లు ఎగబాకింది. "ఏమిటీ రోగం?" అంటూ దిగి బానెట్ ఎత్తాడో లేదో, గొట్టం చివర్నించి ఆవిరి, దానితో తుప్పురంగు నీళ్ళు, నేరుగా తెల్లచొక్కా మీదికి.

"వదినా! ఇది బాగైనా నాకొద్దు, చెడినా నాకొద్దు. నువ్వే ఉంచుకో!"

"ఇంకోసారి గట్టిగా అనండి సార్, ఈ రొదలో అమ్మగారికి వినపడలేదు" అన్నాడు లాభంలేదు గారు.

"నా-కొ-ద్దు!" అని అరిచి, చొక్కా దులుపుకుంటూ వెళ్ళిపోయాడు మరిది.

లాభంలేదు గారు ఇంజను ఆపి, చల్లారేదాకా తాపీగా టీ తాగాడు. తర్వాత జాకీతో కారు ముక్కు పైకెత్తి, పై గొట్టం మీదున్న చిన్న బోల్టు వదులుచేసి, నెమ్మదిగా నీళ్ళు పోశాడు. లోపల చిక్కుకున్న గాలి గుడగుడమంటూ బయటికొచ్చింది. బోల్టు బిగించి స్టార్ట్ చేశాడు. మొదట కాస్త గట్టిగా పలికిన ఇంజను, వేడెక్కేకొద్దీ గొంతు తగ్గించి కునుకు తీస్తున్నట్టు అయింది. ముల్లు మధ్యలో ఆగింది.

"అంతేనా?" అన్నాను.

"అంతే సార్. వేడి చూసి పెట్టెకి కబురు చెప్పే సెన్సారు గాలిబుడగలో ఇరుక్కుంది. కింద ఇంజను మరిగిపోతున్నా ఇది 'చల్లగా ఉంది, పెట్రోలు పొయ్యండి' అంటోంది. అందుకే ఆ అరుపు. నీళ్ళు తిరక్క ఆ వేడి."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే."

"ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళా!"

"పని చిన్నదే. మరిదిగారు విసుక్కోడానికి టైం పట్టింది. ఈలోగా మార్చాల్సినవన్నీ మార్చేశా." అక్కయ్య వైపు తిరిగాడు. "ఇచ్చేసేవాళ్ళు అద్దాలు తుడుస్తారమ్మా. మీరు స్టీరింగు తుడిచారు."

అక్కయ్య కారు తలుపు తీసింది. డ్రైవింగు సీట్లో కూర్చుని, రుమాలు కళ్ళ దాకా తీసుకెళ్ళి, మళ్ళీ స్టీరింగు మీదికే దించింది. "ఇంక దీనికేం భయం లేదు కదండీ?"

ఆయన బానెట్ దించాడు. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాడిలా నిట్టూర్చాడు.

"లాభం లేదమ్మా. ఇది ఇప్పట్లో చావదు."